గేటు దగ్గర విప్పేసిన కట్టు

జీపు కర్నూలు ఆసుపత్రి గేటు దగ్గర ఆగీ ఆగకముందే మారెన్న చేసిన మొదటి పని, పెళ్లాం గిడ్డమ్మ పిక్కకున్న వావిలాకు కట్టు విప్పి మురుక్కాలువలో పారేయడం. తర్వాత కోకను మడమల దాకా లాగి కప్పాడు.

దానికో కారణముంది. మూడేండ్ల కిందట తల్లి పుండుకు పసరు పూసినందుకు ఎక్కడో ఒక డాక్టరు అతణ్ణి పదిమందిలో నిలబెట్టి కడిగేశాడు. తల్లి పోయింది గానీ ఆ మాటలు పోలేదు. ఆకుల సంగతి ఆసుపత్రిలో ఎత్తకూడదని ఆనాడే ఒట్టేసుకున్నాడు.

గిడ్డమ్మకు నలభై దాటాయి. మిరపచేలో ఆమె సాలు పట్టిందంటే పక్క సాలువాళ్లు వెనకబడాల్సిందే. అట్లాంటి మనిషి ఆ పొద్దున బిందె ఎత్తబోయి ఉన్నట్టుండి కూలబడింది. అప్పట్నుంచీ ఎగరొప్పే. కోసిగి నుంచి కర్నూలు దాకా జీపులో ఒక్క మాట మాట్లాడలేదు. వాగుడుకాయ నోరు మూసుకుంటే ఎంత భయమో మారెన్నకు ఆ దారిలో తెలిసింది.

క్యాజువాలిటీలో కృపమణి అనే నర్సు ఎదురొచ్చింది. యాభై ఏళ్ల మనిషి, సన్నగా ఉంటుంది, నడిస్తే చప్పుడుండదు. గిడ్డమ్మ వేలికి క్లిప్పు తగిలిస్తూనే అడిగింది.

"అక్కా, కల్లంలో శనక్కాయలు కొలిచేటప్పుడు లెక్క పెడతావు గదా. అట్ల ఒక్క ఊపిరితో చెప్పు, చూస్తాం."

ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టే ఆ లెక్క బడికి పోని వాళ్లకూ వస్తుంది. గిడ్డమ్మ "లాభం... రెండు... మూడు..." అని, నాలుగు దగ్గర ఆగిపోయింది.

అదే సమయానికి ఇంకో ముసలాయన్ని పట్టుకొచ్చారు. ఆయన పిల్లికూతలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి. ఆయన్నీ లెక్క పెట్టమంది కృపమణి. ఆయన పదకొండు దాకా పోయి, మిగిలిన ఊపిరితో కొడుకును తిట్టాడు కూడా. ఆమె ఆయనకు ఆవిరి మాస్కు పెట్టించి బల్ల మీద కూర్చోబెట్టింది. గిడ్డమ్మను మాత్రం డాక్టరు మేజాకు ఎదురుగా ఉన్న మొదటి మంచం ఎక్కించి ఆక్సిజన్ పెట్టింది.

మారెన్నకు ఇది తలకిందుల లెక్కగా తోచింది. అరిచేవాణ్ణి బల్ల మీద, ఉలుకూ పలుకూ లేనిదాన్ని కంటి ముందరా? తర్వాత తర్వాత అర్థమైంది. తిట్టడానికి ఊపిరున్నవాడు కాసేపు ఆగగలడు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పేరు జీవిత, చిన్న వయసు. గిడ్డమ్మ వీపు మీద, రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. గుండె పటం తీయించింది. నాడి గుర్రంలా పరుగెత్తుతోంది, రక్తంలో గాలి తక్కువగా ఉంది, బీపీ మాత్రం నిలబడే ఉంది.

"ఊపిరితిత్తుల్లో ఏ చప్పుడూ లేదు సిస్టర్. మరి ఇంత ఆయాసం ఎక్కణ్నుంచి వచ్చింది?"

ఉబ్బసముందా, గుండెజబ్బుందా, జ్వరమొచ్చిందా, కాలుగానీ చెయ్యిగానీ వాచిందా అని మారెన్నను వరసగా అడిగింది. అన్నిటికీ లేదన్నాడు. కాలు దగ్గర నాలుక తడబడింది గానీ ఒట్టు గుర్తొచ్చి దానికీ లేదనే అన్నాడు. గిడ్డమ్మ మాస్కు లోపల్నుంచి అతని వైపొకసారి చూసి కళ్లు మూసుకుంది.

కృపమణి ఆ చూపు పట్టేసింది. కానీ కాలు మాటే ఎత్తలేదు.

"సుగ్గికి పోయొచ్చినారా మారెన్నా?"

ఔనన్నాడు. గుంటూరు వైపు మిరపకాయల కూలికి పోయి రెండు నెలలుండి, మొన్ననే ఊరు చేరారు.

"బండిలో ఎట్ల కూసున్నారు?"

మాటలతో చెప్పడం చేతగాక మారెన్న నేల మీద కూర్చుని చూపించాడు. మోకాళ్లు గదవకు తగిలేట్టు, చేతులు రెండూ కాళ్లను చుట్టేసి, ముడుచుకుని. ముప్పైమంది, మిరపకాయ మూటలు, పన్నెండు గంటలు. దిగేవరకూ కాలు చాపే చోటు లేదు.

కృపమణి అతని మోకాళ్ల వైపు ఒక్క క్షణం చూసింది. చూసి మంచం కాళ్లవైపుకు పోయి కోక పైకెత్తింది. ఎడమ కాలి కడియం వదులుగా ఉంది. కుడి కాలిది కండలో దిగబడిపోయింది. పిక్క నున్నగా, ఎర్రగా వాచి, దాని మీద ఆకుల పచ్చ మరక, దారం ఒత్తిన గీత. ఆముదం వాసన గుప్పుమంది.

మారెన్న నేల మీది నుంచి లేవలేదు. ఇంక తిట్లు మొదలౌతాయని తల వంచుకున్నాడు.

"వావిలాకే గదా? మాయమ్మ కూడా ఇదే కట్టేది," అంది కృపమణి. "తిట్టేదానికి అడగల్యా నాయనా. ఎప్పుడు వాచింది, ఎవురన్నా రుద్దినారా, అది చెప్పు. ఇప్పుడు నువ్వు చెప్పేదే ఈయమ్మకు మందు."

అప్పుడు కట్ట తెగింది. నిన్న మధ్యాన్నం వాచిందనీ, నరం పట్టిందనుకుని ఎముకలు కట్టే సుంకప్పను పిలిపిస్తే, ఆముదం పోసి రాత్రీ పొద్దునా గట్టిగా రుద్దాడనీ, పొద్దుటి రుద్దుడు అయ్యీ కాగానే బిందె దగ్గర పడిపోయిందనీ అంతా చెప్పేశాడు. కట్టు మురుక్కాలువలో ఉన్న సంగతి కూడా.

జీవిత కూడా తిట్టలేదు. టేపు పెట్టి రెండు పిక్కలూ కొలిచింది. నాలుగు వేళ్ల తేడా. నర్సు కనిపెట్టింది తాను కనిపెట్టలేదే అన్న చిన్నతనం ఆ పిల్ల మొహంలో మచ్చుకైనా లేదు. పైగా, "మీరు లేకపోతే నేను రొమ్ములోనే వెతుకుతూ ఉండేదాన్ని సిస్టర్," అంది. పెద్ద చదువు ఇంకొకరి మాట వినడం మారెన్న అంతకుముందు చూడలేదు.

తర్వాత అతని పక్కనే గొంతుక్కూర్చుని చెప్పింది. కదలకుండా కూర్చోవడంతో పిక్కలో నెత్తురు గడ్డకట్టింది. రుద్దడంతో అందులో ముక్క తెగి, పైకి పోయి, ఊపిరితిత్తిలో అడ్డం పడినట్టుంది. కాలువలో నీళ్లున్నా తూముకు మట్టిపెళ్ల అడ్డం పడితే మడి ఎండుతుంది కదా, అదే తీరు. పెద్ద స్కాను తీసి రూఢి చేసుకోవాలి గానీ, అందాకా ఆగితే మోసమొస్తుందని, నెత్తురు గడ్డకట్టనీయని సూది ముందే వేయిస్తోంది.

"బతుకుతాదా తల్లీ?" అన్నాడు మారెన్న.

అబద్ధం చెప్పలేదు ఆమె. మంచం దగ్గరికే యంత్రం తెప్పించి గుండె చూసింది. కుడి పక్క బరువు మోస్తోందంది. బీపీ నిలబడింది కాబట్టి సగం ధైర్యం, గుండె అలిసింది కాబట్టి సగం భయం. వార్డుకు పంపేది లేదు, రెండు రోజులు కంటి ముందరే ఉండాలి. బీపీ జారితే గడ్డను కరిగించే పెద్ద మందు వేయాలి, దానికి సంతకం ఇప్పుడే కావాలి. మారెన్న వేలిముద్ర వేశాడు.

ఆ మందు అవసరం రాలేదు. స్కానులో గడ్డ వాళ్లనుకున్న చోటే కనబడింది. సాయంత్రానికి నాడి నెమ్మదించింది. కృపమణి మళ్లీ లెక్క పెట్టిస్తే గిడ్డమ్మ తొమ్మిది దాకా పోయింది. గండం గడిచిందని ఇంకా ఎవరూ అనలేదు, గట్టున పడుతోందన్నారు.

డ్యూటీ మారి కొత్త నర్సు వచ్చింది. కాగితం తీసి ఏమైందని అడగబోయేలోపే మారెన్న దుప్పటి పైకి లాగేశాడు.

"ముందు ఈ కాలు చూడు తల్లీ. సుంకప్ప రుద్దినాడు, ఆకు కట్టినాం, నేనే దాచిపెడ్తి."

అప్పటికే ఊడ్చే ఆయాకూ, పక్క మంచమాయన కొడుక్కూ, టీ అమ్మేవాడిక్కూడా ఇదే చెప్పి ఉన్నాడు. గిడ్డమ్మ మాస్కు ఒక పక్కకు జరిపింది.

"పొద్దున డాక్టరమ్మ అడిగితే దాస్తివి. ఇప్పుడు కర్నూలంతా పిలిచి నా కాలు చూపిస్తాండావు. సిగ్గుండాదా నీకు?"

అంత పొడుగు మాట ఆమె నోటి నుంచి ఒక్క ఊపిరితో వచ్చింది. మారెన్న దుప్పటి సరిచేయకుండా అట్లాగే పట్టుకుని, ఇంకా ఏమైనా తిడుతుందేమోనన్న ఆశతో నిలబడ్డాడు.