సీటు మీద తువ్వాలు

పాలవ్యాను గేటు ముందు ఆగేసరికి డాక్టరమ్మ అక్కడే నిలబడి ఉంది. చేతులు తుడుచుకునే నీలం చారల తువ్వాలును కిటికీలోంచి లోపలికి విసిరింది. అది డ్రైవరు పక్కసీటు మీద పడింది.

"ఇదేంటి డాక్టరమ్మా, ఎప్పుడూ లేంది?"

"మధ్యాహ్నం నేనూ టౌనుకొస్తున్నా. ఆ సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వకు."

"మీ తువ్వాలు మీద కూర్చునే మొనగాడు ఈ చుట్టుపక్కల ఉన్నాడా?" డ్రైవరు నవ్వి గేరు మార్చాడు.

వ్యాను మలుపు తిరిగేదాకా ఆమె గేటు ఊచ వదల్లేదు. వదిలితే పడిపోతానేమోనని భయం. తెల్లవారుజామున మొదలైన నొప్పి గుండెల మీద బండలా కూర్చుంది. అక్కణ్ణుంచి ఎడమచేతిలోకి, దవడలోకి పాకుతోంది. అదేమిటో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

లోపల కాంపౌండరు మందు సీసాలు సర్దుతున్నాడు. మీసం మొలవకముందు గది ఊడ్చే పనికి చేరినవాడు. ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నాడు.

"మొహం అలా ఉందేంటమ్మా?"

"గ్యాస్."

అతను సీసా కింద పెట్టాడు. "ఆ మాట పేషెంటు అంటే మీరేమంటారు?"

ఏమంటుందో ఊరూరికీ తెలుసు. 'జబ్బేంటో నువ్వే తేల్చేస్తే నేనిక్కడ గోళ్లు గిల్లుకోవాలా?' అంటుంది.

"అందుకేగా సీటు పట్టుకున్నాను," అని ఆస్పిరిన్ బిళ్ల నమిలింది.

"పోనీ అందాకా పడుకోండి."

"వరండాలో అంతమంది కూర్చుంటే నేను పడుకుంటే, ఎవరు ఎవర్ని చూడ్డానికి వచ్చినట్టు?"

వాగు మీద వంతెన కూలినప్పటినుంచి అంబులెన్సు ఇటు రావడం లేదు. ఎత్తు చక్రాల పాలవ్యాను ఒక్కటే నీళ్లలోకి దిగి దాటుతుంది. పొద్దున పైఊళ్లకు వెళ్లి మధ్యాహ్నం నిండు క్యాన్లతో టౌనుకు దిగుతుంది. సాయంత్రం పాలకోసం మళ్లీ వస్తుంది.

ఆ గది ఒకప్పుడు ధాన్యం గోదాము. రోగులు పడుకునే బల్ల, రెండు కుర్చీలు, ఒక స్టూలు. ఫీజు తీసుకోవడమనేది ఆ గదికి తెలియదు. ఒకరు ప్రేమగా తెచ్చిన కోడిగుడ్లు, వెనకాలే వచ్చిన మరో నీరసపు మనిషికి మందుగా వెళ్లిపోయేవి. చదువు పూర్తికాగానే ఒక్క వేసవికని వచ్చింది ఆమె. చెల్లెల్ని తీసుకుపోదామని అన్నగారు వచ్చాడు. ఆయనకే జ్వరం తగిలితే అదే బల్లమీద పడుకోబెట్టి, నయం చేసి, తిరిగి బస్సెక్కించింది. తర్వాత ఎవరూ పిలవలేదు.

జనం ఆమెకు పెట్టుకున్న పేరు సూదమ్మ. ఎంత బతిమాలినా అవసరం లేనిదే సూది వెయ్యదు కనక ఆ పేరు.

ఆ పూట కూడా దగ్గులు, గజ్జి, చెవిపోట్లు వరసగా వచ్చాయి. స్టెతస్కోపు అవతలివాళ్ల ఛాతీ మీద ఆనించినప్పుడల్లా ఆమె తన ఊపిరి బిగబట్టుకుంది. చెమటకు జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. కాంపౌండరు మందిస్తూనే కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఆమె మొహం కడుక్కుని ఇస్త్రీచీర కట్టుకుంది. దూరంగా హారన్ మోగింది.

సరిగ్గా అప్పుడే గేట్లోకి మోటారుసైకిలొచ్చింది. నడిపేవాడికీ వెనక కూర్చున్న అతని తల్లికీ మధ్య నెలలు నిండిన అమ్మాయి. కాళ్లు దిబ్బల్లా వాచాయి.

"పొద్దుట్నుంచీ ఒకటే తలనొప్పి," అంది అత్తగారు. "కళ్లముందు మెరుపులంటోంది. గ్యాసేమో అనుకున్నామమ్మా."

కాంపౌండరు డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె ఎవర్నీ తిట్టలేదు. బీపీ చూసింది, పట్టీ విప్పకుండానే మళ్లీ చూసింది. ఏ క్షణాన్నయినా ఫిట్స్ రావచ్చు. వస్తే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరు. ఫిట్స్ రాకుండా ఇంజక్షన్ చేసి, అమ్మాయి బుగ్గ తట్టింది.

"వ్యానెక్కు తల్లీ. ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు. భయపడకు."

వ్యాను ముందుభాగంలో డ్రైవరు పోగా ఒకే సీటు. ఇరుక్కుంటే ఇద్దరు. వెనకంతా పాలక్యాన్లు.

"నువ్వు పక్కన కూర్చుని పట్టుకో," అంది కాంపౌండరుతో. "ఫిట్స్ వస్తే ఒక పక్కకి తిప్పి ఉంచు."

"నేను వెళ్లను. ఆ సీటు మీది. ఆ అమ్మాయిని వాళ్లత్త పట్టుకుంటుంది."

"గ్యాసన్న మనిషా?"

అతను గొంతు తగ్గించాడు. "పోనీ మీరు వెనక కూర్చోండమ్మా. దుప్పటి వేస్తాను."

"క్యాన్ల మధ్య నేనా? నా మొహం చూసి పాలు విరిగిపోతాయి. సాయంత్రం వ్యానుకొస్తాలే. ఇన్నేళ్లలో నా మాట ఎప్పుడైనా విన్నావా?"

"ఎప్పుడూ వింటూనే ఉన్నాను. అదే తప్పయింది."

అన్నాడే గాని ఎక్కాడు. అమ్మాయి కూర్చోబోతుంటే డ్రైవరు తువ్వాలు తీసి తన భుజాన వేసుకున్నాడు.

"పారెయ్యకు," అంది డాక్టరమ్మ. "సాయంత్రం సీటు నాదే."

తల్లీకొడుకులు మోటారుసైకిల్ మీద వాగుదాకా వ్యాను వెంటే వెళ్లారు.

వరండాలో తాత ఒక్కడే మిగిలాడు. ఏళ్ల తరబడి వస్తున్నాడు, ఒకే కోరికతో.

"ఒక్క బలం సూది వెయ్యమ్మా. చచ్చి నీ కడుపున పుడతా."

"నాకు పెళ్లే కాలేదు తాతా, నువ్వెలా పుడతావు?"

రోజూ అక్కడితో అయిపోయేది. ఇవాళ ఆమె లేచి సిరంజి తీసింది. తాత నమ్మలేక చొక్కా చెయ్యి భుజందాకా మడిచాడు. వేశాక దూది నొక్కిపట్టుకుని, పతకం గెలిచినవాడిలా రోడ్డెక్కాడు. ఎదురొచ్చిన వాళ్లందరికీ చూపించాడు.

పొద్దువాలుతుండగా వ్యాను వాగు దాటింది. టౌను ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లి కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఆ మాట చెప్పాలని కాంపౌండరు దారంతా తొందరపెడుతూనే ఉన్నాడు. గేటు కనిపించగానే అతను వెనక్కి, ఖాళీ క్యాన్ల మధ్యకు మారాడు. డ్రైవరు భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, పక్కసీటు మీద పరిచాడు. హారన్ కొట్టాడు. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టాడు.

కాంపౌండరు దూకి లోపలికి పరుగెత్తాడు.

ఆమె రోగుల బల్లమీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. చెప్పులు కింద పక్కపక్కనే విడిచిపెట్టి ఉన్నాయి. చెప్పులతో బల్లెక్కితే ఆమె ఎవర్నీ వదిలిపెట్టేది కాదు. అతను మణికట్టు పట్టుకుని చూశాడు. ఆమె నేర్పినట్టే, తొందరపడకుండా, చాలాసేపు చూశాడు. తర్వాత కూడా ఆ చేతిని వదల్లేదు.

"ఆడపిల్లమ్మా," అన్నాడు.

మర్నాడు పైఊళ్లో ఒకాయన వ్యాను తలుపు తీసి, సీటు మీదున్నది చూసి ఆగిపోయాడు. వెనక్కి వెళ్లి క్యాన్ల మధ్య నిలబడ్డాడు. గతుకులకి తువ్వాలు కొంచెం కొంచెంగా జారుతుంటే, డ్రైవరు ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని, దాన్ని మళ్లీ సీటు మధ్యకు సర్దాడు.