రిజిస్టరులో నాలుగో గడి

కాలేజీలో అందరూ నన్ను కత్తెర అంటారు. నా వెనకాలే అంటారు గానీ, నా చెవులు కూడా అకౌంట్స్ సెక్షన్‌లోనే పనిచేస్తాయి, ఏదీ వదలవు. ఇరవయ్యేడేళ్ళుగా ఇక్కడి బిల్లులు పాస్ చేసేది నేనే. సుద్దముక్కల పెట్టె మొదలు మూడో అంతస్తు లిఫ్టు దాకా నా సంతకం లేకుండా ఏదీ కదలదు. కోపిష్టిదాన్నే, ఒప్పుకుంటాను. నా కళ్ళజోడు కనపడకపోయినా ఎవరో ఒకరు సంజాయిషీ ఇవ్వాల్సిందే.

ఈ ఏడు అడ్మిషన్లు తగ్గాయి. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "బుధవారం కమిటీ మీటింగు ఉంది. ఎక్కడెక్కడ కోయొచ్చో లిస్టు పట్టుకురండి," అన్నారు. కోయమంటే నాకు చేతులు ఊరుకోవు. సాయంత్రానికల్లా రాసేశాను. లిస్టులో మొదటిది కౌన్సెలింగ్ గది.

లైబ్రరీ వెనక, మెట్ల పక్కన ఉంటుంది ఆ గది. నాలుగేళ్ళ కిందట హాస్టల్లో ఒక విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత పెట్టారు దాన్ని. ఇద్దరు కౌన్సెలర్ల జీతాలు, ఏ వేళప్పుడైనా ఎత్తే ఒక ఫోను, ఏటా వార్డెన్లకు శిక్షణ, అన్నీ కలిపినా కాలేజీ ఖర్చులో నూటికి ఒక పాలు. ఒక పాలైనా ఖర్చు ఖర్చే కదా!

పెద్ద కౌన్సెలర్ ప్రతి నెలా తెల్లకాగితం మీద 'వారానికి నలభై మంది' అని రాసి పంపేవాడు. పేర్లేవని అడిగితే చెప్పకూడదనేవాడు. క్యాంటీన్లో చెంచాలకే లెక్కున్నప్పుడు పేరూ ఊరూ లేని నలభై మందిని నేనెలా నమ్మను? కిందటి టర్మ్‌లో నేనే ఒక రిజిస్టరు కొని, గీతలు గీయించి, ఆ గది గుమ్మం పక్కన బల్ల మీద పెట్టించాను. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా దారం కూడా కట్టించాను. పేరు, రోల్ నంబరు, బ్రాంచి, వచ్చిన పని, సంతకం. మొత్తం అయిదు గడులు. మా స్టోర్స్‌కూ లైబ్రరీకీ సైకిల్ స్టాండుకూ అదే నమూనా.

మూడు నెలల్లో పడ్డవి ఏడు సంతకాలు. నలభై ఎక్కడ, ఏడెక్కడ! దొంగ దొరికాడనుకున్నాను. లిస్టులో ఆ గది పక్కన ఎర్ర సిరాతో 'వాడకం లేదు' అని రాశాను.

మూసేయబోయే గదిలో సామాను లెక్క చూడాలి కాబట్టి సోమవారం నేనే వెళ్ళాను. పెద్ద కౌన్సెలర్ బట్టతల మనిషి, గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడతాడు. నేను తలుపు దగ్గర కుర్చీ వేసుకుని రాసుకోవడం మొదలుపెట్టాను. కుర్చీలు ఎనిమిది, ఫ్యాను ఒకటి, గడియారం ఒకటి, కెటిల్ ఒకటి. మూలన కాగితం కప్పుల పెట్టె కనపడింది.

"ఏడుగురికి పెట్టెడు కప్పులా?" అన్నాను.

"అది రిజిస్టరు పెట్టకముందు కొన్నదండీ. అప్పుడు నెలకి రెండు పెట్టెలయ్యేవి. వచ్చినవాళ్ళకి ముందు కాస్త టీ ఇస్తాం. చేతిలో ఏదో ఒకటుంటే మాట తొందరగా వస్తుంది," అన్నాడు.

"మరి ఇప్పుడు?"

"మూణ్ణెల్ల నుంచీ అలాగే ఉందండీ పెట్టె."

నాకు ఎక్కడో చురుక్కుమంది. పెట్టెకు ఎనభై కప్పులు, నెలకు రెండు పెట్టెలు. వారానికి నలభై మంది చొప్పున సరిగ్గా సరిపోతుంది. ఆ కప్పుల బిల్లులన్నీ నేనే పాస్ చేశాను. అవి నా బీరువాలోనే ఉన్నాయి. కొరివి చేత పెట్టుకుని నిప్పు కోసం తిరిగినట్టు, నేను రుజువు కోసం రిజిస్టరు కొన్నాను.

అంతలో గుమ్మం బయట అలికిడైంది. ఒక పొడుగు కుర్రాడు వచ్చి, రిజిస్టరు చూసి, గోడ మీది నోటీసేదో చదువుతున్నట్టు నటించి వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఒకమ్మాయి పెన్ను ఎత్తింది, నాలుగో గడి దగ్గర ఆగింది, పెన్ను పెట్టేసింది. గంటలో అయిదుగురు అలా వచ్చి అలా వెళ్ళారు. ఆరో మనిషి బల్ల వైపు చూడనైనా చూడకుండా గబగబా లోపలికి అడుగు పెట్టింది.

మా చెల్లెలి కూతురు. రెండో సంవత్సరం చదువుతోంది, మా ఇంట్లోనే ఉంటుంది. నన్ను చూడగానే దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

నేను రిజిస్టరు తెరిచాను. అప్పటిదాకా సంతకాలు లెక్కపెట్టానే గానీ ఒక్క పేరూ చదవలేదు. మూడో వరసలో ఉన్న అక్షరాలు నాకు తెలుసు, మా ఇంట్లో సరుకుల చీటీ రాసే అక్షరాలే. 'వచ్చిన పని' దగ్గర 'ఊరికే' అని ఉంది.

"మేడమ్, ఎవరి గురించీ నేనేం చెప్పలేనండీ," అన్నాడు కౌన్సెలర్.

"అడగలేదుగా," అన్నాను. రిజిస్టరు మూసేశాను.

ఇంటికి వెళ్ళేసరికి అది ఆరిన బట్టలు మడతపెడుతోంది. తల ఎత్తకుండానే, "తిట్టేదుంటే తిట్టెయ్ పెద్దమ్మా. అమ్మకి మాత్రం చెప్పకు," అంది.

"తిట్టనే. ఒక్కటడుగుతా, నిజం చెప్పు. చచ్చిపోవాలనిపించిందా?"

అడిగేసి, మడతపెట్టిన బట్టలు పక్కకు జరిపి దాని ఎదురుగా కూర్చున్నాను. అది చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది.

"ఫస్టియర్లో రోజూ అనిపించేది. రెండు సబ్జెక్టులు పోయాయి కదా, అప్పుడు. ప్రతి మంగళవారం ఆ గదికెళ్ళేదాన్ని. తగ్గింది."

"మరి ఇప్పుడు?"

"అంతలా లేదు. మళ్ళీ మొదలవుతుందేమోనని భయమేసింది. రిజిస్టరు పెట్టాక ఒక్కసారే వెళ్ళా. వచ్చిన పని అని ఉంది, ఏం రాయను పెద్దమ్మా? ఆ పుస్తకం నెలాఖరుకి నీ బల్ల మీదకే వస్తుందని తెలుసు. ఇవాళ ఎవరు చూస్తే చూడనీ అనుకుని వచ్చా. తీరా చూస్తే నువ్వున్నావు."

పొమ్మనలేక పొగబెట్టారంటారు. నేను పొమ్మననూ లేదు, పొగ మాత్రం నిండుగా పెట్టాను. అది కూడా నా ఇంటి పిల్లకే. నా మీద నాకే అసహ్యం వేసింది. దాన్ని దగ్గరకు లాక్కుని ఏడ్చేశాను.

"నువ్వు కూడా ఏడుస్తావా పెద్దమ్మా?"

"ఏం, దానికీ వోచరు కావాలా?"

కళ్ళనీళ్ళతోనే నవ్వింది. చాలా రోజులైంది అది నవ్వగా విని.

మరునాడు పొద్దున నేనే దాని వెంట వెళ్ళాను. "మెట్ల దాకా చాలు," అంది. సరేనని, ముందుగా ఆ రిజిస్టరు చంకన పెట్టుకుని, దారం తెంపి పెన్ను కూడా తీసుకుని, దానికి దారి వదిలాను. తర్వాత నా గదికి వెళ్ళి లిస్టు మొత్తం తిరగరాశాను.

బుధవారం కమిటీలో ప్రిన్సిపాల్ పాత కాగితం తీశారు. "వాడకం లేదని మీరే రాశారుగా?"

"తప్పు రాశానండీ."

గదిలో ఎవరో దగ్గారు. ఇరవయ్యేడేళ్ళలో నా నోట ఆ మాట వినడం వాళ్ళకు అదే మొదలు. నేను కప్పుల బిల్లులు బల్ల మీద పరిచాను. రిజిస్టరు పెట్టిన నెల నుంచి కొనడం ఎలా ఆగిపోయిందో చూపించాను. మూయించాల్సింది గదిని కాదు, నా పుస్తకాన్ని అని చెప్పాను.

"అయినా ఇంత ఖర్చు పెట్టి ఎంతమందిని కాపాడామని చెప్పగలం?" అన్నారు ప్రిన్సిపాల్.

"మనకి మంటలార్పే సిలిండర్లు నలభై రెండున్నాయి. ఏటా డబ్బు పోసి నింపిస్తాం. నేనొచ్చాక ఒక్కసారీ మంట లేవలేదు. వాడకం లేదని ఎప్పుడైనా తీసేశామా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమండీ? నాలుగేళ్ళ కిందట పట్టుకున్నాంగా."

ప్రిన్సిపాల్ కప్పుల బిల్లులు ఒక్కొక్కటీ తిప్పి చూశారు.

"మరి కోత ఎక్కడ?" అన్నారాయన చివరికి.

"కోత లేకుండా నేనొస్తానా? మన వార్షిక నివేదికలో మీ ఫొటోలు పదకొండున్నాయి, అన్నీ రంగుల్లో, నున్నటి కాగితం మీద. మీరు నలుపు తెలుపులో కూడా బావుంటారు. ఒకటి చాలు."

ముందు నవ్వింది ఆయనే. అడిగినంతా ఇవ్వలేదు. వార్డెన్ల శిక్షణ సగానికి తగ్గించారు, దాని కోసం వచ్చే ఏడు మళ్ళీ పోట్లాడాలి. గది మాత్రం ఉంటుందన్నారు, ఫోనూ ఉంటుందన్నారు. ఎంతమంది వస్తున్నారో లెక్క చూపాలన్నారు.

"చూపిస్తాను, కప్పులు లెక్కపెట్టి," అన్నాను.

నెలాఖరుకు ఆ గది నుంచి చీటీ వచ్చింది, మూడు పెట్టెల కప్పులు కావాలని. ఎందుకని రాయకుండా సంతకం పెట్టాను. ఖర్చు పెరిగిందని సంతోషించడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

ఆ మంగళవారం పొద్దున అది చెప్పులేసుకుంటూ, "సాయంత్రం లేటవుతుంది పెద్దమ్మా," అంది.

ఎక్కడికి, ఏం పని మీద అని నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవయ్యేడేళ్ళ అలవాటు ఒక్క నెలలో పోతుందా? మింగేశాను.

"సరేలే. అన్నం మూతపెట్టి ఉంచుతా," అన్నాను.