చెరువూరి పిల్ల సాళ్ళు

ఇప్పటికీ శనక్కాయ చేను పక్కన బస్సు ఆగితే నా చేతులు ఊరుకోవు. చెట్టును ఎక్కడ పట్టుకోవాలో వేళ్ళకు ఇంకా గుర్తుంది. ఆ పని నాకు నేర్పింది అక్కమ్మ. నేర్చుకుని కూడా రానట్టు నటించడం మాత్రం నా సొంత తెలివి.

మాది బుక్కరాయసముద్రం. చెరువు కింద వరి చూస్తూ పెరిగినదాన్ని, యాభై ఆరులో కళ్యాణదుర్గం అవతల ఒక మెట్ట పల్లెకు కోడలిగా వచ్చాను. ఆ ఏడే మా అత్త రామసుబ్బమ్మ నన్ను శనక్కాయ పెరకడానికి తోలింది. నేను చెట్టు కొస పట్టి గుంజితే కాడ నా చేతికి వచ్చింది, కాయలు భూమిలోనే ఉండిపోయాయి. కూలి ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "చెరువూరి పిల్లకు వరి బువ్వ తినేది తప్ప ఏమీ రాదు" అని అత్త ఆ రోజంతా సాధించింది. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

అక్కమ్మ ఎర్రకొండ మీది గుడిసెల నుంచి రెండు గంటలు నడిచి వచ్చేది. కూలి ముఠాకు ఆమే పెద్ద. "మొదలు కాడ పట్టుకోమ్మా. రోంత కదిలిచ్చి నిదానంగా లాగు" అని పక్కన కూర్చుని చూపించింది. ఆమె పెరికిన చోట ఒక్క కాయ మిగలదు. మిగలకూడదు కూడా. పంట ఎత్తాక మట్టిలో మిగిలిన కాయలు ఎవరైనా ఏరుకోవచ్చు, దాన్నే పరిగె అంటాం. పరిగె కోసమే కూలివాళ్ళు కావాలని కాయలు వదిలేస్తారని మా మామ బయ్యన్నకు అనుమానం. కట్టెతో మట్టి కెలుకుతూ వాళ్ళ వెనకే నడిచేవాడు. ఎవరి సాలులోనైనా నాలుగు కాయలు కనిపిస్తే మర్నాడు వాళ్ళకు పని లేదు.

మూడో ఏడు పంట పెరికేటప్పుడు అక్కమ్మ మెల్లిగా చెప్పింది.

"కొండ వారన సర్కారోళ్ళు మాకు ఎకరా పట్టా ఇచ్చినారమ్మా. మూడేండ్లలో సాగు చేయకుంటే వెనక్కి తీసుకుంటారంట. రాళ్ళు ఏరేదానికే రెండేండ్లు పాయె. వచ్చే వానలకు ఇత్తకపోతే భూమి పోయినట్లే. ఇత్తనం యాడుండాది?"

"మా మామను అడుగుతాలే."

"వద్దమ్మా. ఆయప్ప ఇత్తనమిస్తే చేను గూడా ఆయప్పదే అయితాది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం.

మర్నాటి నుంచి నాకు పని మరుపొచ్చింది. మళ్ళీ కొసలు పట్టి గుంజాను. మామ కట్టె నా సాళ్ళలోకి వచ్చింది, కాయలు బయటపడ్డాయి. కోడల్ని పని మాన్పించలేడు కదా, అత్త మీద విరుచుకుపడ్డాడు. "నీ కోడలు కొంప ముంచుతాండాది. ఇంట్లో కూర్చోబెట్టు!"

"కూర్చోబెడితే ఎప్పుడు నేర్చుకుంటాది?" అని అత్త నన్ను చేను చివర పారే వంక పక్క సాళ్ళలోకి మార్చింది. అక్కడ తడికి కాపు ఎక్కువ. నన్ను ఇంకాస్త తిట్టడానికే అనుకున్నాను.

పరిగెకు చేను వదిలిన రోజు అక్కమ్మ, ఆమె కూతురు గంగక్క నేరుగా వచ్చి నా సాళ్ళలోనే కూర్చున్నారు. అక్కమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. పొద్దు వాలేసరికి రెండు మూటల విత్తనం కొండెక్కింది.

మరుసటేడు వాన దయ చూపింది. పంట పెరికే రోజు అక్కమ్మ కబురు పెడితే కొండెక్కి వెళ్ళాను. చీర ఎగదోపుకుని వంగబోయాను.

"నువ్వు మాత్రం నా చేన్లో చెయ్యి పెట్టొద్దు తల్లీ!" అంది అక్కమ్మ. అందరూ పగలబడి నవ్వారు.

నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, కంప మంటలో కాయలు కాల్చి దోసిట్లో పట్టుకొచ్చింది. మా ఇంట ఆమె వాకిలి బయటే తినేది. నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళం. నేనూ అట్లాగే పోశాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. వాళ్ళ చేతిది మేము తినం. ఆమె దోసిలి చాచి ఆగింది. నేను తీసుకుని తిన్నాను.

ఇంటికొచ్చేసరికి అత్త అరుగు మీద ఉంది.

"యాడికి పోయింటివి?"

"అక్కమ్మ చేనికి."

"ఏం పెట్టింది?"

"కాల్చిన కాయలు."

"తింటివా?"

"తిన్నాను."

అత్త కొండ వైపు చూసింది.

"గింజ గట్టిగా ఉండాదా?"

"గట్టిగానే ఉంది."

"వంక పక్క సాళ్ళు నీకిచ్చింది నేను గదే. నాకు నాలుగు తేవద్దా?"