నాలుగో అరలో పాత లాటు

కొత్తపిల్ల పిచ్చుక పరిశోధనశాలలో అడుగుపెట్టిన నాటినుంచి పెద్దక్కకు కడుపులో నిప్పులు పోసినట్టే ఉంది. ఆ పరిశోధనశాలలో పదకొండేళ్లుగా చెయ్యంటే పెద్దక్క చెయ్యే. ఎవరి ప్రయోగం కుదరకపోయినా ప్రొఫెసర్ "పెద్దక్కనడగండి" అనేవారు. ఇప్పుడు అదే నోటితో "పిచ్చుక ఏమంటుందో చూద్దాం" అంటున్నారు. గలగలా మాట్లాడుతుందని ఆ పిల్లకు ఆ పేరు ఆయనే పెట్టారు. పెద్దక్కకు ఎవరూ ముద్దుపేరు పెట్టలేదు. పెద్దక్క అన్నది వయసు పెట్టిన పేరు.

కణంలో డీఎన్‌ఏ దారం హిస్టోన్లనే ప్రోటీన్ ఉండలకు చుట్టుకుని ఉంటుంది. ఆ ఉండల మీద కణమే చిన్న చిన్న రసాయన గుర్తులు పెడుతుంది. ఒక గుర్తుంటే అక్కడి జన్యువు తెరుచుకుంటుంది, మరొకటుంటే మూతపడుతుంది. మూతపెట్టే గుర్తును వెతికి పట్టుకునే యాంటీబాడీయే వాళ్ల పనికి ప్రాణం. అది పట్టుకున్నచోట, నమూనా ఎక్కించిన తెల్లటి పల్చని తెరమీద నల్లగీత పడుతుంది.

ఆ యాంటీబాడీ కొత్త లాటు, అంటే కంపెనీ కొత్తగా తయారుచేసిన విడత, వచ్చినప్పుడే పెద్దక్కకు అనుమానం తగిలింది. పైకి ఒకటే అయినా లాటు లాటుకూ గుణం మారుతుందని ఆమెకు అనుభవం. మిగిలిన పాత లాటు ఆరు గొట్టాలనూ తన పేరు రాసిన డబ్బాలో పెట్టి, ఫ్రీజరు నాలుగో అరలో వెనక్కి తోసేసింది. జాగ్రత్త కోసమే అనుకుంది. కానీ కొత్త లాటుతో పిచ్చుకకు వరసగా మూడుసార్లు గీత పడక తెర తెల్లగా వచ్చినా నోరు విప్పలేదు.

"ఏం తప్పు చేస్తున్నానో తెలియట్లేదక్కా."

"చెయ్యి తిరగాలమ్మా. పుట్టీపుట్టగానే ఎగురుదామంటే ఎలా?"

రోజూ పొద్దున దేవుడి ముందు "అందరూ చల్లగా ఉండాలి" అని దండం పెట్టుకునే మనిషి పెద్దక్క. ఆ అందరిలో పిచ్చుక ఉందా అని మాత్రం ఎప్పుడూ తనను తాను ప్రశ్నించుకోలేదు.

పిచ్చుక ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. శుక్రవారం ప్రొఫెసర్ తేల్చాలి. బుధవారం ఆయన పెద్దక్కను పిలిచారు.

"అవే నమూనాలతో మీరొకసారి చేయండి. మీకూ గీత రాకపోతే తప్పు యాంటీబాడీది. వస్తే ఈ అమ్మాయి చేతిది."

పెద్దక్క గుండె గంతేసింది. పాత లాటుతో చేస్తే గీత రాక ఎక్కడికి పోతుంది? గబగబా వెళ్లి ఫ్రీజరులోంచి గొట్టం తీసింది. పిచ్చుక ఐసు డబ్బా పట్టుకుని పక్కనే నిలబడింది.

"అది పాత లాటు కదక్కా."

"నీకెలా తెలుసు?"

"పోయిన వారం ఐసు గీకుతుంటే కనబడింది."

"మరి తీసుకోలేదేం?"

"మీ పేరుంది కదా. అడుగుదామంటే భయమేసింది. మీరు నాతో ముభావంగా ఉంటారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే పెద్దక్కకు హాయిగా ఉండేది.

నోటుపుస్తకంలో లాటు నంబరు రాయాలి. పదకొండేళ్లలో ఆ పుస్తకంలో ఒక్క అబద్ధపు అంకె లేదు. ఈ పాతది వాడి, కొత్తదాని నంబరు రాస్తే? నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల కాదన్నా ఎవరు నమ్ముతారు? కలం పట్టుకుని ఖాళీ గడిని చాలాసేపు చూసింది. చివరికి రెండు నంబర్లూ రాసింది.

"కొత్తది కూడా తియ్యి. రెండూ పక్కపక్కనే చేద్దాం."

శుక్రవారం పాత లాటుకు గీత కాటుక దిద్దినట్టు పడింది. కొత్తదానికి పెద్దక్క చేతికీ తెల్ల తెరే.

"పాతది ఎక్కడిది?" అన్నారు ప్రొఫెసర్.

"నేనే దాచాను సార్. మూడు వారాలుగా ఈ పిల్ల తల పట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను."

ఆయన నోటుపుస్తకం మూసి పెద్దక్క చేతికిచ్చారు. తిట్టినా బాగుండేది. పిచ్చుక ఉద్యోగం మాత్రం ఆ పూటే ఖాయమైంది.

మిగిలిన ఐదు గొట్టాలూ పెద్దక్క పిచ్చుక చేతిలో పెట్టింది. వారం తిరక్కుండా ఆ పిల్ల గీతలు తెచ్చి చూపించింది. పెద్దక్క గీతలకన్నా సన్నగా, శుభ్రంగా ఉన్నాయి. మళ్లీ కడుపులో భగ్గుమంది.

మర్నాడు పొద్దున దండం పెట్టుకుంటూ "అందరూ చల్లగా ఉండాలి" అని ఆగింది. తర్వాత "పిచ్చుక కూడా" అంది. పళ్లు బిగించే అంది. దేవుడు మాట మాత్రమే వింటాడో, బిగించిన పళ్లు కూడా చూస్తాడో ఆమెకు తెలియలేదు.