ఎరుపు నీలం పెన్సిల్ పొట్టు

మా అమ్మాయి కొత్త బల్ల తెల్లగా ఉంటుంది. ఎంత తెల్లగా అంటే, దాని ముందు కూర్చున్నవాళ్లకి పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చినట్టు నోరు తెరవాలనిపిస్తుంది. ఈ మాట నాది కాదు, మా అమ్మాయిదే. ఆ బల్లకి సొరుగులు లేవు. కాళ్లు ఇనుపవి. మీట నొక్కితే బల్ల మొత్తం పైకి లేస్తుంది, మళ్లీ నొక్కితే బుద్ధిగా దిగుతుంది. అమ్మాయి స్టేషనరీ దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకుని, ఇళ్ల లోపల ఏది ఎక్కడుండాలో గీసిచ్చే పని సొంతంగా మొదలుపెడుతోంది. ఇన్నేళ్లూ ఇంకొకరి పేరు మీద చేసిన పనే.

"నాన్నా, ఈ బల్ల చూస్తే ఎవరికీ ఇల్లు గుర్తు రాదు. నాలుగు పాత వస్తువులు పెడదామనుకుంటున్నా. మన ఇంట్లోవే కావాలి. బయట కొని తెస్తే అద్దెకి తెచ్చుకున్న చుట్టాల్లా ఉంటాయి," అంది.

నాకు ఉత్సాహం వచ్చింది. అటక మీది సామాను దించి దులిపాను. ఆకుపచ్చ గాజు టోపీ ఉన్న టేబుల్ ల్యాంపు దొరికింది. ఇంకు ఆరబెట్టుకునే చెక్క దిమ్మ దొరికింది. అడుగు భాగం గుండ్రంగా వంగి, అద్దుడు కాగితం చుట్టి ఉంటుంది కదా, అది. నేను నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ పాత సామాను తీసేస్తున్నప్పుడు తెచ్చుకున్న గాజు బిరడా సీసాలు రెండున్నాయి. పెద్దది పెన్నులు పెట్టుకోమని ఇచ్చేశాను. ఇవన్నీ ఇవ్వడానికి నాకు క్షణం పట్టలేదు.

మా బావమరిది ఊరుకుంటాడా? మా ఆవిడ తమ్ముడు. జీవితమంతా కుర్చీలకీ తలుపులకీ పాలిష్ వేసి, పని మానేశాక కూడా చేతిలో గుడ్డ వదలని మనిషి. ఇత్తడి పేపర్ వెయిట్లు ఒక సంచెడు తెచ్చాడు.

"ఇన్నెందుకు మామయ్యా? నా బల్ల ఎగిరిపోతుందనా?" అంది అమ్మాయి.

"లేచి దిగే బల్ల కొన్నావు కదే, ఏమో ఎవరు చెప్పొచ్చారు," అన్నాడు వాడు.

రెండు మాత్రం ఉంచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. "డైనింగ్ టేబుల్‌కి బిగించి ఉంటుందే, అమ్మ పెన్సిల్ మిషను. అది కూడా ఇస్తావా? వద్దంటే వద్దులే."

"ఎందుకు వద్దంటాను," అన్నాను. అన్నాక కాసేపు ల్యాంపు తుడుస్తూ కూర్చున్నాను.

అది పెన్సిళ్లు చెక్కే నల్లటి ఇనుప మిషను. పక్కన తిప్పే పిడి, పిడి చివర చెక్క గుండు, కింద పొట్టు రాలడానికి చిన్న రేకు సొరుగు. మా ఆవిడ ఇంట్లో కూర్చునే అచ్చు పుస్తకాలకు ప్రూఫులు దిద్దేది. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉండే పెన్సిల్ వాడేది. తప్పయితే ఎర్ర గీత. తప్పో కాదో అనుమానమైతే నీలి గీత. కాపురంలో కూడా ఆమెది అదే పద్ధతి. నాకు ఎర్ర గీతలు అరుదుగా పడేవి, నీలి గీతలే ఎక్కువ. "నిజంగానే అలా అంటారా?" అని ఒక్క మాట అని ఊరుకునేది. ఆ తర్వాత నేను రోజంతా ఆలోచించుకోవాలి.

ఆమె పోయినప్పటి నుంచీ ఆ రేకు సొరుగు ఖాళీ చేయలేదు. చివరిసారి ఆమె చెక్కిన పెన్సిల్ పొట్టు అలాగే ఉంది, అంచులకు ఎరుపూ నీలమూ అంటుకుని, సన్నగా చుట్టలు చుట్టుకుని. అప్పుడప్పుడూ సొరుగు లాగి వాసన చూసేవాణ్ణి. దేవదారు వాసన, కొంచెం మైనం వాసన, ఆమె పనిచేసుకునే పొద్దుటిపూట వాసన. తరచుగా తీసేవాణ్ణి కాదు. మూత తీసిన ప్రతిసారీ కొంత ఎగిరిపోతుందని ల్యాబులో పనిచేసినవాడికి ఒకరు చెప్పాలా? పొదుపుగా వాడుకున్నాను.

మిషను అమ్మాయికి ఇవ్వాలి, పొట్టు మాత్రం నా దగ్గర ఉండాలి. ఉపాయం వెంటనే తట్టింది. రెండో గాజు బిరడా సీసా, చిన్నది, ఉండనే ఉంది. ఆ బిరడా బిగిస్తే గాలి దూరదు. సీసా కడిగి, గుడ్డ మీద బోర్లించాను. తడి ఉన్న సీసాలో పోస్తే బూజు పడుతుంది. తెల్లారేసరికి ఆరుతుంది, అప్పుడు పోద్దామనుకున్నాను. చేతిలో పనే, ఆరనీ అనుకున్నాను.

పొద్దున్నే పాలకి వెళ్లి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ అంచు బోసిగా ఉంది. మిషను లేదు. మర బిగించిన చోట పడిన రెండు గుంటలు మాత్రం ఉన్నాయి. మా బావమరిది దగ్గర మా ఇంటి తాళం ఒకటి ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాలిష్ పనిలో ఉంటే వాడికి ఫోన్ వినిపించదు.

ఆరిన సీసా జేబులో వేసుకుని అమ్మాయి గదికి బయల్దేరాను.

మెట్లెక్కి వెళ్లేసరికి అమ్మాయి గదిలో లేదు, ల్యాంపుకి బల్బు కొనడానికి వెళ్లిందట. మా బావమరిది నేల మీద పాత పేపరు పరుచుకుని కూర్చున్నాడు. ముందు మిషను నిగనిగలాడుతోంది.

"రా బావా, రా! చూడు ఎలా ఉందో. పెళ్లికొడుకులా లేదూ?"

నేను వంగి రేకు సొరుగు లాగాను. శుభ్రంగా తుడిచి ఉంది. లోపల నూనె వాసన.

"ఇందులో ఉన్నదేం చేశావు?"

"ఏముంది అందులో? పొట్టేగా. అదిగో, ఆ పూలకుండీలో వేశా. మొక్కకి మంచిదంటారు కదా." గుమ్మం పక్కనున్న కుండీ చూపించాడు. "నీళ్లు కూడా పోశాలే."

నీళ్లు కూడా పోశాడట. వాడు కళ్లజోడు పైకి తోసుకుని నా మొహం చూశాడు. గుడ్డ కింద పెట్టాడు.

"బావా... అది అక్క చెక్కిందా?"

"మరి నేను చెక్కానా?"

గట్టిగా నాలుగు అనాలనే ఉంది. మాటలు కూడా వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆ లోపల నా కన్ను పిడి చివర చెక్క గుండు మీద పడింది. మిషనంతా మెరుస్తుంటే అదొక్కటీ పాతగానే ఉంది, మట్టి రంగులో, ఒక పక్క అరిచేతి ఒరిపిడికి కొంచెం అరిగి.

"ఇది వదిలేశావేం?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "గరుకు కాగితం పెట్టబోయి ఆగిపోయా బావా. అక్క చెయ్యి ఆడిన చోటు కదా. దాన్ని ముట్టుకోవడానికి మనసొప్పలేదు."

వరసగా వచ్చిన మాటలన్నీ వచ్చిన దారినే వెళ్లిపోయాయి. ఇద్దరం వెళ్లి కుండీ ముందు కూర్చున్నాం. మోకాళ్ల సంగతి దేవుడెరుగు. వాడు ఒక పక్క నుంచి, నేను ఒక పక్క నుంచి, తడి మట్టిలో వేళ్లు పెట్టి ఎరుపు కనిపిస్తే ఎరుపు, నీలం కనిపిస్తే నీలం ఏరడం మొదలుపెట్టాం.

"ఏంటిది? ఇద్దరూ కలిసి నా మొక్క మీద పడ్డారేంటి?" వెనక నుంచి అమ్మాయి గొంతు.

"ఏం లేదే, మీ నాన్న ఉంగరం పడిపోయింది," అన్నాడు వాడు గబుక్కున.

"నాన్నకి ఉంగరం ఎక్కడుంది మామయ్యా?"

"అందుకే దొరకట్లేదు."

నవ్వకుండా ఉండలేకపోయాను. నవ్వుతూనే చెప్పేశాను, సొరుగు సంగతీ, వాసన సంగతీ, జేబులో సీసా సంగతీ. అమ్మాయి బల్బు పక్కన పెట్టి, కొత్త బట్టలతోనే మా మధ్య గొంతుక్కూర్చుంది. ఒక చుట్టని రెండు వేళ్లతో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఉందా?" అన్నాడు వాడు ఆశగా.

"మట్టి వాసన," అంది.

నేనూ చూశాను. మట్టి వాసనే.

"ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"ఏమని చెప్పను తల్లీ? పొట్టు దాచుకున్నానని ఎవరైనా చెప్పుకుంటారా?"

"నాకు చెప్పొచ్చుగా. నేనూ వచ్చి చూసేదాన్ని కదా, వాసన." కోపంగా అనలేదు. మట్టిలోకి చూస్తూ అంది. వాళ్లమ్మ నీలి గీత గీసినట్టే ఉంది. ఎగిరిపోతుందని నేను మూత వేసి పెట్టింది అమ్మాయికి కూడా కావలసిందని నాకు ఒక్కసారీ తోచలేదు.

దొరికిన చుట్టల్ని అరిచేతిలో పెట్టుకుని లోపలికి వచ్చాం. ఎక్కడ ఆరబెట్టాలా అని చూస్తుంటే అమ్మాయి ఆ చెక్క దిమ్మని తిరగేసింది. అద్దుడు కాగితం మీద ఒక్కొక్కటీ పరిచింది. అలంకారానికి తెచ్చిన దిమ్మకి ఎన్నాళ్లకో పని తగిలింది. తెల్లటి బల్ల మీద ఎర్రగా, నీలంగా ఆ తుంపులు బాగానే కనిపించాయి.

"ఎండాక సగం నీకు, సగం నాకు," అంది.

"నాకో?" అన్నాడు వాడు. అనడమే తడవుగా ఒక ఎర్ర చుట్ట తీసుకుని కళ్లజోడు పెట్టెలో వేసుకున్నాడు. అది ఇంకా తడిగానే ఉంది. మేము చూడనట్టు ఊరుకున్నాం.

ఆ తర్వాత మిషను. అమ్మాయి మొదట దాన్ని ఊరికే బల్ల మూల పెడదామనుకుంది, చూడ్డానికి. మర బిగిస్తే కొత్త బల్ల నొక్కుకుపోతుందని భయం. ఇప్పుడు అదే తెచ్చి అంచుకి ఆనించి మర తిప్పడం మొదలుపెట్టింది.

"ఆగవే, గుర్తు పడుతుంది! మధ్యలో తోలు ముక్క పెడతా," అన్నాడు వాడు.

"పడితే పడనీ మామయ్యా. ఇంట్లో టేబుల్‌కి పడలేదా?"

గట్టిగా బిగించింది. బిగించాక తెలిసింది, చెక్కడానికి గదిలో ఒక్క పెన్సిలూ లేదని. అమ్మాయి గీతలన్నీ కంప్యూటర్ మీదే కదా. వాడు చెవి మీద పెట్టుకున్న వడ్రంగి పెన్సిల్ తీసి మహారాజులా అందించాడు. అది బల్లపరుపుగా ఉండే పెన్సిల్, గుండ్రటి కన్నంలో ఎక్కడ దూరుతుంది? అటు తిప్పి, ఇటు తిప్పి, "మిషను తేడా చేస్తోంది," అన్నాడు.

"మామయ్యా, నువ్వు కాస్త జరుగు," అని అమ్మాయి కింద దుకాణానికి పరిగెత్తి మామూలు పెన్సిల్ ఒకటి తెచ్చింది. ఎరుపూ నీలమూ ఉన్నది ఇప్పుడెవరూ అడగడం లేదట, వాళ్లు తెప్పించడం మానేశారట.

పెన్సిల్ పెట్టి పిడి పట్టుకుంది. మూడు చుట్లు ముందుకి, అర చుట్టు వెనక్కి. మళ్లీ మూడు చుట్లు ముందుకి, అర చుట్టు వెనక్కి. ములుకు విరగకుండా మా ఆవిడ అలాగే తిప్పేది. అమ్మాయికి ఆమె నేర్పగా నేను చూడలేదు. టేబుల్ కింద ఆడుకుంటూ విన్నదేమో. కర్ కర్ కర్, కిర్. వాసన అది కాదు, ఇది ఏదో చవక చెక్క. చప్పుడు మాత్రం అదే. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

అమ్మాయి రేకు సొరుగు లాగి చూసింది. అడుగున కొత్త పొట్టు పలచగా పడి ఉంది.

"ఇది దాచనా నాన్నా?"

"వద్దమ్మా. నిండగానే పారబొయ్యి. లేకపోతే పిడి బిగుసుకుపోతుంది," అన్నాను.

జేబులోంచి చిన్న సీసా తీసి దిమ్మ పక్కన పెట్టాను. "అవి బాగా ఆరాకే ఇందులో వెయ్యి. తడి ఉంటే బూజు పడుతుంది."

"సరే సార్," అంది, ల్యాబు కుర్రాళ్లు అన్నట్టు. బల్బు బిగించి ల్యాంపు వెలిగించింది.

నేనూ మా బావమరిదీ మెట్లు దిగుతున్నాం. సగం దిగేసరికి పైనుంచి మళ్లీ వినిపించింది, మూడు చుట్లు ముందుకి, అర చుట్టు వెనక్కి. నేను ఆగాను.

"ఏం బావా, మోకాళ్లా?" అన్నాడు వాడు.

"ఆఁ, మోకాళ్లే," అన్నాను.

వాడు కూడా పక్కనే నిలబడ్డాడు, చప్పుడు ఆగేదాకా.