ఆరో గాటు

ఎల్మర్ కుబియాక్ మోకాళ్ళ మీద కూచుని, బంతి విసిరే దిబ్బ మీది గుంటలోంచి పొడిమట్టిని చేత్తో తీసి బకెట్లో వేస్తున్నాడు. పొద్దున్న ఆరున్నర. కదిలినప్పుడల్లా ఎడమ మోకాలు కిర్రుమంటుంది, కుడిది దానికి వంత పాడుతుంది. యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. మెడ వెనక ఎండకు కమిలి ఇటుకరంగు తేలింది. టోపీ తీస్తే నెత్తి మాత్రం ఉడకబెట్టిన గుడ్డు. "జుట్టు పోయినా జట్టుంది" అని తనే అంటూంటాడు, ఇంకెవరో అనకముందే.

ఇరవై రెండేళ్ళుగా మర్టన్ ఊరి పార్కులో గడ్డి కోస్తున్నాడు, సున్నం గీతలు గీస్తున్నాడు, మరుగుదొడ్లు కడుగుతున్నాడు. సాయంత్రం ఐదు దాటితే అదే మైదానంలో పన్నెండేళ్ళ పిల్లల బేస్‌బాల్ జట్టుకు కోచ్. జీతం మొదటి పనికి, ప్రాణం రెండో పనికి. జట్టు చొక్కాలు విట్లాక్ మేకుల కొట్టువాళ్ళు కుట్టించారు గనక, వీపు మీద అంకె కింద కొట్టు ఫోన్ నంబరు కూడా ఉంటుంది. ఏటి అవతల గార్త్ విన్‌స్లో నడిపే జట్టు పేరు థండర్. వాళ్ళు ఉరుములు, వీళ్ళు మేకులు.

ఇవాళ ఎల్మర్ చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. ఒక జట్టు జాబితాకెక్కిన పిల్లవాడు ఆటల కాలం నడిమధ్యలో ఇంకో జట్టుకు పోవాలంటే పాత కోచ్ విడుదల పత్రం మీద సంతకం పెట్టాలి. గడువు ఈ సాయంత్రమే. పిల్లవాడు డెజ్మండ్ ప్రూట్, పిలుస్తున్నది గార్త్. మేకుల జట్టులో బంతి విసిరేవాళ్ళు ఐదుగురున్నారు. విసురుతుంటే దారిన పోయేవాడు ఆగి చూసేది మాత్రం డెజ్‌నే.

వాళ్ళమ్మ లొరేన్ నిన్న ఆ కాగితం చేతిలో పెట్టి, "నాకు ఆట తెలీదు మిస్టర్ కుబియాక్. వాడికి ఎక్కడ మంచిదో మీరే చెప్పండి. వెళ్ళమంటే పంపిస్తాను, వద్దంటే మానేస్తాం" అంది. ఎదురుకొట్లో సరుకు బాగుంటుందా అని ఈ కొట్టువాణ్ణే అడిగినట్టుంది వ్యవహారం. రాత్రంతా ఆ కాగితం వంటింటి బల్ల మీదే ఉంది. ఎల్మర్ దాని మీద ఉప్పుడబ్బా పెట్టాడు, ఎగిరిపోకుండానో, కనపడకుండానో.

అసలు సంగతి మే నెలలో మొదలైంది. ఆ రోజు డెజ్ బూటు మేకుల మధ్య ఎర్రమట్టి కనిపించింది. మర్టన్ మట్టి బూడిదరంగు. చుట్టుపక్కల ఎర్రమట్టి ఉన్నది ఒక్కచోటే, గార్త్ లారీల్లో తెప్పించి పరిపించిన మైదానంలో. ఎల్మర్ ఇంటికెళ్ళి, కడుపు మంటగా ఉందని మాత్ర వేసుకున్నాడు. అది మాత్రకు తగ్గే మంట కాదని మాత్రం తేలింది.

షెడ్డు గోడకు ఒక పాత చీపురుకర్ర ఆనించి ఉంటుంది. డెజ్ పదేళ్ళప్పుడు మొదటిసారి ఈ దిబ్బ ఎక్కాడు. తెల్ల రబ్బరు పలకను తొక్కిపట్టి విసిరేటప్పుడు వాడి ముందుకాలు ఎక్కడ పడుతుందో ఎల్మర్ ఆ కర్రతో కొలిచి, కత్తితో గాటు పెట్టాడు. సరిగ్గా అక్కడే తవ్వి బంకమట్టి దట్టించాడు. కాలు జారకపోతే బంతి మాట వింటుంది. ఏటా ఆటల కాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి కొలుస్తాడు. అలా ఐదు గాట్లు పడ్డాయి. ఆరోది మే నెలలో పడాలి.

పడలేదు. 'ఆ ఎర్రమట్టివాడే కొలుచుకోనీ' అనుకున్నాడు ఎల్మర్.

జూన్‌లో మూడు ఆటల్లో డెజ్ బంతులు దారి తప్పాయి. ఒకటి వెళ్ళి అంపైర్ మోచిప్పను పలకరించింది. 'అక్కడికెళ్ళి పాడైపోయాడు' అని ఎల్మర్ లోపల సంబరపడ్డాడు. ఆ సంబరానికి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే ఇంకాస్త సంబరపడ్డాడు.

ఇప్పుడు గుంటలో అతని చెయ్యి ఆగింది.

నిన్న ఆ కాగితం గొడవలో పడి సాధన అయ్యాక దిబ్బ చదును చెయ్యలేదు. ఎవరి అడుగులు వాళ్ళవి అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. జట్టులో ఎడంచేత్తో విసిరేది డెజ్ ఒక్కడే గనక వాడి గుర్తులు విడిగా పక్కకు పడతాయి. కొన్ని బంకమట్టి అంచున ఇరుకిరుగ్గా ఉన్నాయి. మిగతావన్నీ అంచు దాటి, మెత్తటి మట్టిలో. ప్రతి గుర్తుకూ ముందు పొడుగ్గా జారిన గీత. ఎల్మర్ లేచి కర్ర తెచ్చాడు. పలక అంచునుంచి పరిచాడు. ఐదో గాటు దాటాక నాలుగు వేళ్ళు ఆనించి చూశాడు. బెత్తెడు. సరిగ్గా బెత్తెడు.

రెండు నెలలుగా తను రోజూ పొద్దున్నే తడిపి, దిమ్మిసతో మోది, ముద్దు చేసిన ఆ గట్టిమట్టి, పిల్లవాడి కాలు పడని చోట ఉంది.

అతను అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. దంతె తీసుకుని గుర్తులన్నీ చెరిపేశాడు. ఇవాళ రాత్రికి బెత్తెడు ముందుకు కొత్త మట్టి దట్టిస్తే చాలు. శనివారం ఆటలో బంతులు సూటిగా పడతాయి. 'వాడికి ఇక్కడే మంచిది' అని లొరేన్‌తో అనొచ్చు. అబద్ధం కూడా కాదు, అప్పటికి నిజమై కూచుంటుంది.

మధ్యాహ్నం బెంచీ మీద సాసేజీ రొట్టె తింటుంటే గార్త్ తెల్ల ట్రక్కు వచ్చి ఆగింది. గార్త్‌ది ఇతని ఈడే. జుట్టు నెరిసినా ఒక్కటీ రాలలేదు. బళ్ళో గార్త్ విసిరేవాడు, ఎల్మర్ గొంతుక్కూచుని పట్టేవాడు. ఒకరోజు పెద్దజట్టు మనుషులొచ్చి చూశారు. విసిరినవాణ్ణి తీసుకెళ్ళారు, పట్టినవాణ్ణి వదిలేశారు. రెండేళ్ళకు గార్త్ భుజం పోగొట్టుకుని తిరిగొచ్చాడు. అయినా ఊరికి అతను 'అక్కడ ఆడొచ్చిన గార్త్', ఇతను 'గడ్డి కోసే ఎల్మర్'.

"ఏరా, పెట్టావా సంతకం?"

"పెన్నులో సిరా లేదు."

"ఇదుగో, నా దగ్గరుంది."

"నీ దగ్గర ఏది లేదు గనక? జుట్టుతో సహా ఉంది."

గార్త్ నవ్వి పక్కన కూచున్నాడు. "నలభై ఏళ్ళయిందిరా. నా జుట్టు మీద ఇంకా ఎన్నాళ్ళేడుస్తావ్?"

"రాలేదాకా."

"చూడు, ఆ కుర్రాడు బంగారం."

"నా దగ్గరున్నప్పుడు పన్నెండేళ్ళ కుర్రాడు. నీ కంట పడ్డాక బంగారం."

గార్త్ లేచి వెళ్తూ పెన్ను బెంచీ మీదే వదిలేశాడు. నీలంరంగు పెన్ను, మీద ఉరుముల జట్టు ముద్ర. ఎల్మర్ దాన్ని ముట్టుకోలేదు. రొట్టె అయిపోయినా చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాడు.

ఐదింటికి లొరేన్ కారు వచ్చింది. ఆసుపత్రి వంటశాలలో పని, తలమీది వల ఇంకా తియ్యలేదు. డెజ్ దిగాడు. వేసవిలో కాళ్ళు సాగి, చొక్కా కురచై, వీపు మీది ఫోన్ నంబరు ఇంకా పైకెక్కింది.

"పది బంతులు విసురు," అన్నాడు ఎల్మర్.

పలక తొక్కి, కాలెత్తి విసిరాడు. ఎల్మర్ బంతిని చూడలేదు, కాలినే చూశాడు. అడుగు సగంలో ముడుచుకుని, బంకమట్టి అంచున పడింది. రెండోదీ అంతే. మూడో బంతికి వాడు పెదవి కొరుక్కున్నాడు.

"ఆగు. అడుగెందుకు ముడుస్తున్నావ్?"

"ఏం లేదు కోచ్."

"మామూలుగా వేస్తే ఎక్కడ పడుతుంది?"

డెజ్ బూటుతో చూపించాడు. పొద్దున్న చెరిపేసిన చోటు.

"అక్కడ జారుతోందని నాకెందుకు చెప్పలేదు?"

పిల్లవాడు వాళ్ళమ్మ వైపు చూసి, నేల వైపు చూశాడు. "మీరు రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద కూచుని చేస్తారు కదా. బాలేదని ఎలా అంటాను? అడుగు కాస్త కురచ చేసుకుంటే సరిపోతుంది. భుజం కొంచెం లాగుతుంది, అంతే."

"ఎన్నాళ్ళనుంచి?"

"మే నుంచి."

ఎల్మర్ టోపీ తీసి, నెత్తి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. బెంచీ దగ్గరికి నడిచి నీలం పెన్ను తీశాడు. కాగితం మడతలు విప్పి మోకాలి మీద పెట్టుకుని, నెమ్మదిగా, మొదటి అక్షరం నుంచి చివరిదాకా పూర్తి పేరు రాశాడు.

"మీరేమంటారు మరి?" అంది లొరేన్.

ఎల్మర్ కాగితం ఆమె చేతికిచ్చాడు. "పంపించండి. ఇక్కడ నా గుంటకు సరిపోవడానికి వీడు కురచైపోతున్నాడు. నేను కొలవాల్సిన రోజు కొలవలేదమ్మా. తప్పు వీడిది కాదు." కాస్త ఆగి, "ఆ జుట్టువాడిది కూడా కాదు," అన్నాడు. రెండోమాటకు గొంతు ఎక్కువ ఖర్చయింది.

కత్తి తీసి చీపురుకర్ర మీద బెత్తెడు కొలిచి ఆరో గాటు పెట్టాడు. కర్ర డెజ్ చేతికిచ్చాడు.

"ఇది గార్త్‌కియ్యి. పలకనుంచి ఆరో గాటు దాకా కొలిచి, అక్కడ తవ్వి బంకమట్టి పెట్టమను. వాడి ఎర్రమట్టి ఫొటోకు బాగుంటుంది, కాలికి ఆనదు. ప్రతి రెండు నెలలకూ కొలవమను. భుజం తగ్గేదాకా బంతి ముట్టొద్దు, అర్థమైందా?"

"సరే కోచ్. శనివారం ఆటకొచ్చి చూడనా?"

"టికెట్ లేదుగా, రా."

డెజ్ నవ్వాడు. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో కర్ర పట్టుకుని కారు దాకా వెళ్ళాడు. తలుపు తియ్యడానికి కర్రను కంచెకు ఆనించాడు. సంచిని లోపలికి తోశాడు, ఎక్కాడు, చెయ్యి ఊపాడు. కర్ర కంచె దగ్గరే ఉండిపోయింది.

కారు గేటు దగ్గర ఆగింది. ఐస్‌క్రీం బండి అడ్డమొచ్చి, దాని చుట్టూ పిల్లలు మూగారు. నిమిషం పైనే నిలబడింది కారు. అద్దం దించే ఉంది. డెజ్ మోచెయ్యి బయటికి కనిపిస్తోంది. పిలిస్తే వినపడే దూరం.

ఎల్మర్ నోరు తెరిచాడు. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే కారు ఎడమ దీపం, ఏటి అవతలి గార్త్ మైదానం వైపు తిరగడానికి, మిణుకుమనడం మొదలుపెట్టింది. అతను నోరు మూసుకున్నాడు.

కారు మలుపు తిరిగిపోయింది. కంచెకు ఆనుకున్న చీపురుకర్ర మీద ఐదు గాట్లు చేతిచమురుకు నల్లబడి ఉన్నాయి. ఆరోది తెల్లగా, పచ్చిగా ఉంది. దాని పైన ఇంకా జానెడు కర్ర ఏ గాటూ లేకుండా మిగిలి ఉంది.