పన్నెండో నిబంధన

గౌరీశంకర్ అద్దం అంచుని బొటనవేలితో చుట్టూ తడిమి చూశాడు. ఒకచోట సన్నగా గరుకు తగిలింది. మళ్ళీ మిషన్‌లో బిగించి, నీటిధార కింద రెండు క్షణాలు తిప్పి తీశాడు. తెల్లటి ప్లాస్టిక్ పొడి నీళ్ళతో కలిసి పల్చటి మజ్జిగలా గొట్టంలోకి జారిపోయింది. అద్దం తుడిచి ఫ్రేములో కూర్చోబెట్టి, దాన్ని బిగించే చిన్న మర కోసం పక్కకి చెయ్యి చాచాడు.

మరలన్నీ ఒక స్టీలు డబ్బాలో ఉంటాయి. మన ఇళ్ళల్లో సున్నుండలు పెట్టుకునే డబ్బా అది, మూతకి ఒకపక్క చిన్న సొట్ట. డబ్బా పొట్ట మీద చుక్కలు చుక్కలుగా ఒక పేరు చెక్కించి ఉంది. ఆ పేరున్న వైపుని గౌరీశంకర్ ఎప్పుడూ గోడకి తిప్పి ఉంచుతాడు. అది కంటపడితే ఆయనకి పని సాగదు.

అమెరికాలో, రాలీ అనే ఊరి శివార్లలోని ఆ కళ్ళద్దాల ల్యాబులో ఆయనది పదకొండేళ్ళ సర్వీసు. వయసు యాభై నాలుగు. అంతకుముందు విజయవాడ గవర్నరుపేటలో ఇదే పని చేశాడు, పెళ్ళాం తరపు వాళ్ళు కాగితాలు పెడితే ఇక్కడికొచ్చి మళ్ళీ ఇదే పనిలో చేరాడు. పొట్టిమనిషి. ముంజేతుల మీద వెంట్రుకల్లో ఎప్పుడూ తెల్లపొడి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. మోరిస్‌విల్‌లో తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీలకి వెళితే "ఏ కంపెనీ అండీ?" అని అడుగుతారు. ఈయన చెప్తాడు. అడిగినవాళ్ళు ఓహో అని, ప్లేటు పట్టుకుని, ఇంకో ఐటీ ఆయన దగ్గరికి జరుగుతారు. అలా జరిగిన ప్రతి వీపూ ఆయనకి గుర్తే.

అందుకే రాయడం మొదలుపెట్టాడు. విరిపందిరి అని తెలుగువాళ్ళ బ్లాగుల సైటు ఒకటుంది. సన్నీవేల్‌లో ఉండే రాధాకృష్ణ అనే ఆయన సొంత ఖర్చుతో నడుపుతున్నాడు. అక్కడ కళ్ళద్దాలు అరగదీసేవాడైనా ఒకటే, డాక్టరైనా ఒకటే అనుకుని చేరాడు గౌరీశంకర్. చేరాక తెలిసింది, అక్కడ కూడా ఒకటి కాదని.

పోస్టు నచ్చితే పువ్వు వేయాలి, నచ్చకపోతే ముల్లు. ఎవరు వేశారో పైకి కనబడదు. ముల్లు పడితే ఒక పువ్వు రాలుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే వెయ్యి పూలు సంపాదించిన పెద్దలకి ఇంకో హక్కుంది. వాళ్ళు పువ్వు వేస్తే అది పువ్వు కాదు, మూర. అంటే పది. గౌరీశంకర్ వేస్తే ఒకటి, వాళ్ళు వేస్తే పది! ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ళలో వాళ్ళు మూరలు వేసుకుంటూ ఉంటే పెద్దలు ఇంకా పెద్దలైపోరూ?

ఆ పెద్దలందరిలోకీ పెద్ద కృష్ణవేణి. ఉండేది జార్జియాలో, కమ్మింగ్‌లో. ఇవాళ దోసె మాడింది అని రాస్తుంది. మూడొందల పూలు. మా పెరట్లో జింకలు పడి గోంగూర మేసేశాయి అని రాస్తుంది. నాలుగొందలు. గౌరీశంకర్ నాలుగు వారాలు చెక్కి చెక్కి ఒక వ్యాసం పెడితే పన్నెండు, మహా అయితే పదమూడు. ఆవిడ ఫోటో ఉండాల్సిన చోట పొగలు కక్కే కాఫీగ్లాసు బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ గ్లాసు కనబడితే చాలు, చదవకుండానే ముల్లు వేస్తాడు. రోజుకో ముల్లు మాత్రమే వేయనిస్తారు. ఆ ఒక్కటీ ఆవిడకే.

మరి ఆ డబ్బా ఇక్కడికెలా వచ్చిందంటే, అదీ ఆవిడ చలవే. కిందటేడు వేసవిలో విరిపందిరి వాళ్ళు మోరిస్‌విల్ పార్కులో కలుసుకున్నారు. తలా ఒక వంటకం తెచ్చారు. కృష్ణవేణి ఆరుగంటలు కార్లో వచ్చింది. లావుపాటి మనిషి, పెద్ద గొంతు, ముక్కు మీదనుంచి జారిపోయే కళ్ళజోడు. ఆ కళ్ళజోడు చూస్తూ ఊరుకోలేక గౌరీశంకరే అడిగి తీసుకుని, ముక్కు దగ్గర రెండు తీగెలూ కాస్త లోపలికి వంచి ఇచ్చాడు.

"అబ్బ, ఎంత హాయిగా ఉందో! రెండేళ్ళనుంచీ చేత్తో నెట్టుకుంటూ చస్తున్నా అన్నయ్యగారూ," అంది. "మీ పోస్టులు ఒక్కటి కూడా మిస్సవను నేను. ఆ చూపులేని ముసలామె సంగతి చెప్పారు చూశారూ ఇందాక, అది రాయండి. ప్రామిస్ చేయండి."

వెక్కిరిస్తోందనుకున్నాడు ఆయన. వెళ్ళేటప్పుడు ఆవిడ సున్నుండల డబ్బా ఆయన భార్య పద్మిని చేతిలో పెట్టి, డబ్బా తర్వాత తీసుకుంటానంది. వారం తిరిగేసరికి పద్మిని అడగడం మొదలుపెట్టింది. "ఏమండీ, పరాయివాళ్ళ డబ్బా, ఖాళీగా పంపకూడదు. జంతికలు చేస్తాను, పోస్ట్ చేసేయండి." ఆయన ఊఁ అన్నాడు. మర్నాడు డబ్బా ల్యాబుకి తెచ్చి అందులో మరలు పోశాడు. ఎందుకు చేశాడో అడిగితే చెప్పలేడు. అంత పెద్ద రచయిత్రి డబ్బాలో తన మరలు ఉండటం కాస్త బాగుంది, అంతే.

ఇక చెయ్యగలిగింది ఉత్తరాలు రాయడం. నిబంధనలు మార్చమని రాధాకృష్ణకి నెలకొకటి రాశాడు. ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట, రూల్ అంటే అందరికీ రూలే. ఆయన అనుమానం ఏమిటంటే, కృష్ణవేణి చుట్టాలూ స్నేహితులూ ఓటు వేయడానికే చేరి, వేసేసి వెళ్ళిపోతున్నారని. కాబట్టి సభ్యత్వం మూసేసుకున్నవాళ్ళు వేసిన పూలూ ముళ్ళూ అన్నీ లెక్కలోంచి తీసేయాలన్నాడు. తొమ్మిది ఉత్తరాలకి రాధాకృష్ణ విసిగిపోయి ఒప్పుకున్నాడు. రాసినవి ఉంటాయి, వేసినవి పోతాయి. అది పన్నెండో నిబంధన. ఆ రోజు గౌరీశంకర్ పద్మినికి ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. కృష్ణవేణికి పోయినవి మొత్తం ఏడు పూలు.

ఇవాళ అక్టోబరు, రెండువేల పది, శుక్రవారం. సాయంత్రం ఆరుగంటలకి లెక్క ముగుస్తుంది. ఈ ఏడాది కనీసం యాభై పూలు పడ్డ పోస్టులన్నిటినీ పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. గౌరీశంకర్ రెండు వారాల కిందట 'ఎడమకన్ను' పెట్టాడు. ఒక నల్లజాతి ముసలామెకి ఎడమకన్ను బొత్తిగా కనబడదు. అయినా ఆ కంటికి కూడా కుడికంటి అద్దమంత మందంలోనే అద్దం చేయాలి, లేకపోతే ఎదుటివాళ్ళకి తేడా తెలుస్తుంది. చూపులేని కంటికి అద్దం చెయ్యడం గురించి రాశాడు. నిజంగానే బాగా రాశాడు. దానికి యాభై నాలుగు పూలు పడ్డాయి. అచ్చులో తన పేరు ఉంటుంది. ఈసారి పార్టీలో ఏ కంపెనీ అని అడిగితే పుస్తకం చేతిలో పెట్టొచ్చు.

పదింటి విరామంలో క్యాంటీన్ మూలనున్న కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. అందులో తెలుగు అక్షరాలు రావు, అన్నీ గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి. అంకెలు మాత్రం శుభ్రంగా కనిపిస్తాయి. ఆయనకి కావాల్సినవీ అంకెలే. యాభై నాలుగు. కృష్ణవేణి మూడువారాలుగా ఏమీ పెట్టలేదు. సరుకు అయిపోయినట్టుంది అనుకుని, ఈలవేసుకుంటూ మిషన్ దగ్గరికి వెళ్ళాడు.

పన్నెండింటికి పెరుగన్నం డబ్బా పట్టుకుని మళ్ళీ వచ్చాడు. పందిరిలో పైన కాఫీగ్లాసు బొమ్మ! దాని పక్కన నాలుగే నాలుగు వరసల గళ్ళు. పెట్టి గంట కూడా కాలేదు, అప్పుడే రెండొందల ఎనభై పూలు. నాలుగు ముక్కలకి! దోసె మాడిందని కూడా కాదు, ఇంకేం మాడిందో! మెతుకు గొంతు దిగలేదు ఆయనకి. ఎంగిలిచెయ్యి తొడకి తుడుచుకుని ముల్లు నొక్కాడు. రెండొందల డెబ్భై తొమ్మిది అయింది. పక్కన ముళ్ళు ఒకటి అని పడింది. అప్పుడు తిన్నాడు.

మూడున్నరకి షిఫ్టు అయిపోయింది. ఆప్రాన్ తగిలించి చివరిసారి చూసుకుందామని వెళ్ళాడు. 'ఎడమకన్ను' నలభై నాలుగు.

కళ్ళు నులుముకున్నాడు. కిందటి పోస్టు పదమూడు ఉండేది, మూడు అయింది. అంతకుముందుది పన్నెండు, రెండయింది. ఒకదానికి పదకొండుండేవి, ఒకటి మిగిలింది. మూడేళ్ళ రాతలన్నిటికీ, తేడా లేకుండా, పదేసి పూలు రాలిపోయాయి. ఎవరో పనిగట్టుకుని చేశారు. తన బల్ల దగ్గరికి వచ్చి రాధాకృష్ణకి ఫోన్ చేశాడు.

"ఏమిటండీ ఇది? పట్టపగలు దోపిడీ! నా ప్రతి పోస్టుకీ పదేసి కొట్టేశారు!"

"గౌరీశంకర్ గారూ," అన్నాడు రాధాకృష్ణ. గొంతు బొంగురుగా ఉంది. "అవి కృష్ణవేణి గారివండీ. ఆవిడ అకౌంట్ ఇందాకే క్లోజ్ చేశాను. ఆటోమేటిక్‌గా పోయాయి. మీ రూలే కదా."

"ఆవిడవా? నాకా?"

"అన్నిటికీ వేసేవారు. మొదటి పోస్టునుంచీ. 'ఎడమకన్ను'కి హాస్పిటల్ బెడ్ మీదనుంచి వేసుంటారు."

"ఎందుకు క్లోజ్ చేశారు?"

"మీరు చూళ్ళేదా? మంగళవారం పోయారండీ ఆవిడ. శ్రుతి, వాళ్ళమ్మాయి, ఇవాళ అమ్మ అకౌంట్ నుంచి అందరికీ చెప్పింది. నాలుగు లైన్లు, పాపం, తెలుగు ఎవర్నో అడిగి రాయించుకుందట. తర్వాత క్లోజ్ చేయమంది."

గౌరీశంకర్ స్టూలు మీద కూర్చున్నాడు. దాచడమెందుకు, ఆ క్షణంలో కూడా ఆయనకి ముందు తోచింది రెండొందల ఎనభై అన్న అంకె. తను పోతే ఎన్ని పడతాయి అని ఒక లెక్క మెదిలింది. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది, ఒళ్ళంతా చెమట పట్టింది.

"మీది ఆరు పూల తేడాతో ఆగిపోతుంది," అంటున్నాడు రాధాకృష్ణ. "అడ్జస్ట్ చేసేస్తాను లెండి. ఒక్క క్లిక్కు పని. మీరు ఊఁ అంటే చాలు."

"ఆ అమ్మాయి పోస్టుకి..." గౌరీశంకర్ నుదురు తుడుచుకున్నాడు. "ముల్లొకటి పడింది."

"చూశాను. శ్రుతి ఫోన్ చేసి ఏడ్చింది. అంకుల్, అమ్మని హేట్ చేసేవాళ్ళు ఉన్నారా అని అడిగింది. ఏం చెప్పను?"

"అది ఎవరు..."

"నాకు కనబడుతుంది గౌరీశంకర్ గారూ. అన్నీ కనబడతాయి నాకు."

మిషన్లన్నీ ఆగిపోయిన హాల్లో ఎక్కడో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇక్కడ అక్షరాలు రావండీ," అన్నాడు చిన్నగా. "గళ్ళు కనిపిస్తాయి. చదవలేదు నేను. ఎప్పుడూ చదవలేదు."

గౌరీశంకర్ క్యాంటీన్ వైపు తిరిగి చూశాడు.

"దాన్ని తీసేయండి."

"పువ్వులంటే కలుపుతాను గానీ, ముల్లు తీసే పని నేను పెట్టుకోలేదండీ. వేసినవాళ్ళు అకౌంట్ క్లోజ్ చేస్తేనే పోతుంది. చేస్తే మీ పోస్టు పుస్తకంలోకి రాదు, మెంబర్లవే వేస్తున్నాం. ఆలోచించుకోండి. ఆరింటిదాకా టైముంది."

"రూల్ అంటే అందరికీ రూలే కదండీ," అని ఫోన్ పెట్టేశాడు గౌరీశంకర్.

క్యాంటీన్‌లోకి వెళ్ళాడు. సభ్యత్వం మూసేసే మీట ఎక్కడుందో ఆయనకి బాగా తెలుసు. అలిగినప్పుడల్లా దాని దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాడు. నొక్కాడు. గళ్ళతో ఏదో ప్రశ్న వచ్చింది. మళ్ళీ నొక్కాడు. తర్వాత బయటివాడిలా పందిరి తెరిచి చూశాడు. కాఫీగ్లాసు పక్కన ముళ్ళు లేవు. కిందికి జరుపుకుంటూ వెళ్ళాడు. మూడొందలున్న దోసెకి ఒక పువ్వు పెరిగింది. నాలుగొందలున్న జింకలకి ఒకటి పెరిగింది. మూడేళ్ళ పొడుగునా ఆవిడ రాసిన ప్రతిదానికీ ఒక్కో పువ్వు తిరిగొచ్చింది. ఇంటికెళ్ళి ఇవన్నీ చదవాలి అనుకున్నాడు.

బల్ల దగ్గరికొచ్చి మరలన్నీ ఒక కాగితం మీద ఒంపాడు. డబ్బాని పంపు కింద పట్టి సబ్బుతో తోమాడు. చుక్కల అక్షరాల్లో తెల్లపొడి పేరుకుపోయి ఉంది. గోటితో ఒక్కో అక్షరం శుభ్రం చేశాడు. కారులో పక్కసీటు మీద పెట్టి, ఎందుకో, బెల్టు కూడా పెట్టాడు.

ఇంట్లో పద్మిని డబ్బా చూసి, "ఇదెక్కడ దొరికిందండీ? ఇన్నాళ్ళూ వెతుకుతున్నాను," అంది. ఆయన చెప్పాడు. మరల సంగతీ, ముళ్ళ సంగతీ, అన్నీ చెప్పాడు. ఆవిడ పొయ్యి కట్టేసి, పైనుంచి మినపపిండి సీసా దింపింది. మళ్ళీ ఆగి, పోయిన ఇంటికి తీపి పంపొచ్చో లేదో తెలియక, సీసా పట్టుకుని నిలబడింది.

డబ్బా ఇద్దరి మధ్యా గట్టు మీద ఉంది, కృష్ణవేణి అన్న పేరు ఇటువైపు తిరిగి. మూతలోపలి మడతలో, ఎంత కడిగినా రాని చిన్న మర ఒకటి మెరుస్తోంది.